అంకె ఒకటే, నడిచే మెథడ్ వేరు: ఓవర్‌లోడ్ కాల్స్‌లో సంఖ్యల రకాలను ఖాయం చేసుకోవడం ఎలా

జావాలో ఒక లాంగ్ (64 బిట్ల పూర్ణసంఖ్య) వేరియబుల్ ఉంది, అందులో విలువ 1700000000000. దాన్ని మ్యాథ్.రౌండ్‌కు ఇవ్వండి. పూర్ణసంఖ్యను రౌండ్ చేస్తే అదే సంఖ్య రావాలి కదా. కానీ వచ్చేది 2147483647. ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు.

జరిగింది ఇది. మ్యాథ్.రౌండ్‌కు రెండే రూపాలున్నాయి: ఫ్లోట్ (32 బిట్ల భిన్నం) తీసుకుని ఇంట్ (32 బిట్ల పూర్ణసంఖ్య) ఇచ్చేది ఒకటి, డబుల్ (64 బిట్ల భిన్నం) తీసుకుని లాంగ్ ఇచ్చేది ఇంకొకటి. ఒకే పేరుతో వేర్వేరు రకాలు తీసుకునే ఇలాంటి రూపాలే ఓవర్‌లోడ్లు. లాంగ్ తీసుకునేది లేదు. లాంగ్ నుంచి ఫ్లోట్‌కు, లాంగ్ నుంచి డబుల్‌కు రెండు దారులూ జావాకు సమ్మతమే, రెంటినీ అది 'వెడల్పు చేయడం' కిందే లెక్కేస్తుంది. రెండూ పనికొచ్చినప్పుడు ఇరుకైన రకానికే మొగ్గుతుంది, కాబట్టి ఫ్లోట్ రూపం నడిచింది. దాని జవాబు ఇంట్‌లో పట్టదు గనక ఇంట్ గరిష్ఠ విలువ దగ్గర ఆగిపోయింది. కంపైలర్ తన నియమం తు.చ. తప్పకుండా పాటించింది. ఏ రకం పంపుతున్నామో మనం చెప్పకపోవడమే లోపం.

ఒకే భాషలోనే ఇంత జరిగితే, పైథాన్ నుంచి జావాకో, జావాస్క్రిప్ట్ నుంచి సీ ప్లస్ ప్లస్‌కో కాల్ వెళ్లేటప్పుడు చిక్కు రెట్టింపవుతుంది. పంపే భాషలో సంఖ్యలకు ఒకటో రెండో రకాలుంటాయి, అందుకునే భాషలో ఎనిమిదో పదో. మధ్యలో ఉన్న బ్రిడ్జి లైబ్రరీ తన అంచనాతో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఆ అంచనా పని దానికి వదలకుండా, దాటే చోట రకాన్ని మీరే పేరు పెట్టి చెప్పడమే ఈ మార్గదర్శి సారం. ఆ పని వరుసగా ఎలా చేయాలో చూద్దాం.

మొదటి మెట్టు: ఓవర్‌లోడ్లన్నీ కళ్ల ముందు పెట్టుకోండి

డాక్యుమెంటేషన్ పేజీలో మీకు కావలసిన రూపం కనబడగానే ఆగిపోకండి. ఆ పేరుతో ఉన్న రూపాలన్నీ, తల్లి క్లాసుల నుంచి వచ్చినవి కూడా, రాసుకోవాలి. జావాలో జావాప్ అనే పనిముట్టుకు ఎస్ ఆప్షన్ ఇస్తే క్లాసులోని ప్రైవేటు కాని ప్రతి మెథడ్ సిగ్నేచర్‌ను జేవీఎం (జావా కోడ్‌ను నడిపే యంత్రం) చూసే రూపంలోనే చూపిస్తుంది. పైథాన్ నుంచి డాట్‌నెట్‌ను పిలిచే పైథాన్.నెట్ బ్రిడ్జి వాడుతుంటే మెథడ్ మీద ఓవర్‌లోడ్స్ అనే ఆట్రిబ్యూట్ ప్రింట్ చేయండి, జాబితా వస్తుంది.

ఆ జాబితాలో నాలుగు సంగతులు వెతకండి. మీరు పంపే రకం అచ్చంగా ఉందా? దానికంటే పెద్దవి ఒకటికి మించి ఉన్నాయా? ఆబ్జెక్ట్ తీసుకునే రూపం పక్కనే ఉందా? భిన్నాలకు ఫ్లోట్, డబుల్, డెసిమల్‌లలో రెండు ఉన్నాయా? మొదటి ప్రశ్నకు అవును అని వస్తే చాలావరకు గండం గడిచినట్టే. మిగతా మూడింటిలో దేనికి అవును అని వచ్చినా మిగిలిన మెట్లన్నీ ఎక్కాల్సిందే.

రెండో మెట్టు: చేతిలో ఉన్నది అసలు ఏ రకమో తేల్చుకోండి

'ఇది ఇంట్ అనుకుంటా' అన్న మాట దగ్గరే సగం తప్పులు పుడతాయి. రాతలో ఒకేలా కనబడే అంకె ఒక్కో భాషలో ఒక్కో రకం.

జావా, సీ షార్ప్, సీ ప్లస్ ప్లస్‌లలో 5 అంటే ఇంట్, 5.0 అంటే డబుల్. పక్కన ఎల్ చేరిస్తే లాంగ్, ఎఫ్ చేరిస్తే ఫ్లోట్. సీ షార్ప్‌లో ఎమ్ చేరిస్తే డెసిమల్. క్లోజర్‌లో మామూలు 5 అంటే లాంగ్, 1.3 వెర్షన్ నుంచీ ఇంతే. గ్రూవీలో 1.5 అన్నది డబుల్ కాదు, బిగ్‌డెసిమల్ (దశాంశాలను కచ్చితంగా పట్టుకునే ఆబ్జెక్ట్). డబుల్ కావాలంటే చివర డి పెట్టాలి. జావా నుంచి గ్రూవీకి వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ ఒకసారి తడబడతారు. జావాస్క్రిప్ట్‌లో 5, 5.0 రెండూ ఒకే విలువ, ఒకే రకం. ఈ రెంటినీ వేరుగా పంపే మార్గమే లేదు. లువాలో పూర్ణసంఖ్యకు విడి ఉపరకం 5.3 వెర్షన్‌తో వచ్చింది, అంతకుముందు అన్నీ డబుల్సే.

పైథాన్‌లో ఇంటిజర్‌కు హద్దు లేదు, ఫ్లోట్ అంటే డబుల్. ఇంతవరకు తేలికే. రెండు మడతపేచీలు మాత్రం ఉన్నాయి. ఒకటి, బూల్ అన్నది ఇంట్‌కు ఉపక్లాసు. ఫంక్‌టూల్స్‌లోని సింగిల్‌డిస్పాచ్‌తో ఇంట్‌కు ఒక రూపం రాసి, బూల్‌కు విడిగా రాయకపోతే ట్రూ పంపినా ఇంట్ రూపమే నడుస్తుంది. రెండోది నమ్‌పై, అంటే పైథాన్‌లో సంఖ్యల అరేల లైబ్రరీ. నమ్‌పై ఫ్లోట్64 పైథాన్ ఫ్లోట్‌కు ఉపక్లాసు, కాబట్టి ఫ్లోట్ అడిగిన చోట ఇమిడిపోతుంది. ఫ్లోట్32 అలా కాదు. ఇంట్64 పైథాన్ 3లో ఇంట్‌కు ఉపక్లాసు కాదు. అంటే నమ్‌పై అరేల నుంచి తీసిన ఫ్లోట్64 భిన్నాలు సాఫీగా దాటతాయి, పూర్ణసంఖ్యలు మొరాయిస్తాయి. పైగా 64 బిట్ల విండోస్‌లో నమ్‌పై మామూలు ఇంటిజర్ 2.0 వెర్షన్ వచ్చేదాకా 32 బిట్లే. లినక్స్‌లో నడిచిన కోడ్ అక్కడ వేరే ఓవర్‌లోడ్‌లోకి పోవడానికి ఇదొక కారణం. మందు సులువు: బ్రిడ్జి దాటించే ముందు నమ్‌పై విలువను ఇంట్() లేదా ఫ్లోట్()తో మామూలు పైథాన్ సంఖ్యగా మార్చండి.

లిటరల్ (కోడ్‌లో నేరుగా రాసిన అంకె) రకం తెలిస్తే సరిపోదు, లెక్క జరిగాక రకం మారుతుంది. జావా, సీ షార్ప్, సీ ప్లస్ ప్లస్‌లలో బైట్‌ను బైట్‌తో కూడినా, షార్ట్‌ నుంచి 1 తీసేసినా వచ్చేది ఇంట్. జావాలో షార్ట్ విలువల సెట్ ఒకటి ఉందనుకోండి. దాని మీద రిమూవ్(ఐ - 1) అంటే, ఐ షార్టే అయినా లోపలికి వెళ్లేది ఇంటిజర్ ఆబ్జెక్ట్ (ఇంట్‌ను చుట్టిన ఆబ్జెక్ట్). ఇంటిజర్ 4, షార్ట్ 4 ఎప్పటికీ సమానం కావు. సెట్‌లోంచి ఏదీ పోదు, ఫాల్స్ వెనక్కి వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. అలాగే చిన్న అక్షరం 'ఎ' అనే క్యారెక్టర్‌కు 1 కలిపి స్ట్రింగ్‌బిల్డర్ అపెండ్‌కు ఇస్తే 'బి' రాదు, 98 చేరుతుంది. స్ట్రింగ్‌బిల్డర్ కన్‌స్ట్రక్టర్‌కే ఒక క్యారెక్టర్ ఇస్తే ఇంకా విచిత్రం: అది ఇంట్‌గా మారి కెపాసిటీ అవుతుంది, స్ట్రింగ్ ఖాళీగానే ఉంటుంది.

మూడో మెట్టు: అందుకునే భాష నియమం తెలుసుకోండి

ముందుగా జావా. దీని ఎంపిక మూడు విడతల్లో సాగుతుంది. మొదటి విడతలో ప్రిమిటివ్‌ను (ఇంట్, లాంగ్ లాంటి మామూలు విలువను) ఆబ్జెక్ట్‌గా చుట్టడం, విప్పడం ఉండవు. రకాన్ని వెడల్పు చేయడం మాత్రమే. అక్కడ ఏదీ దొరక్కపోతేనే రెండో విడతలో ఆ చుట్టడం, విప్పడం, అంటే బాక్సింగ్. అక్కడా దొరక్కపోతే మూడో విడతలో వేర్‌ఆర్గ్స్ (ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా తీసుకునే రూపాలు). బాక్సింగ్ జావా 5తో 2004లో వచ్చింది. అంతకుముందు రాసిన కోడ్ వేరే మెథడ్‌కు మళ్లిపోకూడదనే ఈ విడతలు పెట్టారు. అందువల్ల లాంగ్ రూపం, ఇంటిజర్ రూపం రెండూ ఉంటే ఇంట్ విలువ లాంగ్ రూపానికే పోతుంది. మనిషి కంటికి ఇంటిజరే దగ్గర చుట్టం, కంపైలర్‌కు లాంగ్.

దీని ఫలితం లిస్ట్ మీద చూడండి. 10, 20, 30 ఉన్న ఇంటిజర్ అరేలిస్ట్. రిమూవ్‌కు రెండు రూపాలు: ఇంట్ తీసుకుని ఆ స్థానంలో ఉన్నదాన్ని తీసేసేది, ఆబ్జెక్ట్ తీసుకుని ఆ విలువను తీసేసేది.

రిమూవ్(1) అంటే 1వ స్థానంలోని 20 పోతుంది.
రిమూవ్(20) అంటే 20వ స్థానం లేదు కాబట్టి ఇండెక్స్ ఎక్సెప్షన్.
రిమూవ్(ఇంటిజర్.వాల్యూఆఫ్(20)) అంటే విలువ 20 పోతుంది.
షార్ట్ వేరియబుల్‌లో 1 పెట్టి పంపితే ఇంట్‌గా వెడల్పయి స్థానమే అవుతుంది.
లాంగ్ వేరియబుల్‌లో 20 పెట్టి పంపితే అది ఇంట్‌కు కుదించబడదు. రెండో విడతలో లాంగ్ ఆబ్జెక్ట్‌గా మారి విలువను వెతుకుతుంది, ఇంటిజర్ 20తో సరిపోలదు, ఏమీ జరగదు.

అయిదింటిలో అన్నిటికంటే ప్రమాదకరం చివరిది. రెండోది కనీసం అరుస్తుంది. డేటాబేస్ ఐడీలను ఇంట్ నుంచి లాంగ్‌కు మార్చిన ప్రాజెక్టుల్లో ఈ అయిదో రకం కాల్స్‌ను పేరు పెట్టి వెతకండి, కంపైలర్ ఒక్కదాన్నీ పట్టుకోదు. కోట్లిన్ ఈ తలనొప్పిని పేరుతోనే తీర్చేసింది: స్థానానికి రిమూవ్‌ఎట్, విలువకు రిమూవ్. గ్రూవీ కూడా 2.4లో రిమూవ్‌ఎట్, రిమూవ్‌ఎలిమెంట్ చేర్చింది.

సీ షార్ప్ పైకి జావాలాగే ఉంటుంది గానీ రెండు చోట్ల దారి మార్చుకుంటుంది. మొదటిది స్థిరాంకాల సంగతి. ఒక మెథడ్‌కు బైట్ రూపం, లాంగ్ రూపం ఉన్నాయనుకోండి. నేరుగా 5 పంపితే, అది బైట్‌లో పడుతుందని కంపైలర్‌కు తెలుసు గనక బైట్ రూపం నడుస్తుంది. అదే 5ను ఇంట్ వేరియబుల్‌లో పెట్టి పంపితే లాంగ్ రూపం. అంటే కోడ్ శుభ్రం చేస్తూ ఒక అంకెను వేరియబుల్‌గా మార్చినందుకే నడిచే మెథడ్ మారిపోతుంది. జావాలో మెథడ్ కాల్స్‌కు ఈ కుదింపు వర్తించదు, రెండు సందర్భాల్లోనూ లాంగ్ రూపమే.

రెండోది డెసిమల్. డబుల్‌కూ డెసిమల్‌కూ మధ్య ఆటోమేటిక్ మార్పిడి ఏ దిక్కుగానూ లేదు. అందుకని మ్యాథ్.సీలింగ్(10 / 3) అని రాస్తే ఇంట్ ఎటు పోవాలో తేలక 'కాల్ అస్పష్టం' అనే సీఎస్0121 ఎర్రర్ వస్తుంది. విసుగ్గా ఉన్నా ఇది మేలే చేస్తుంది, ఎందుకంటే అక్కడ అసలు తప్పు 10 / 3 పూర్ణసంఖ్యల భాగహారం కావడం, జవాబు అప్పటికే 3 అయిపోవడం. జావాలో మ్యాథ్.సీల్‌కు డబుల్ రూపం ఒక్కటే కాబట్టి అదే రాత నిశ్శబ్దంగా 3.0 ఇస్తుంది. సీ షార్ప్ కంపైలర్ నోరు మూయించడానికి మొత్తాన్ని డబుల్‌కు క్యాస్ట్ చేయకండి, 10.0 / 3 అని భాగించే చోటే మార్చండి.

సీ ప్లస్ ప్లస్‌లో మూడు అంతస్తులు: అచ్చంగా సరిపోలడం, ప్రమోషన్, కన్వర్షన్. చార్, షార్ట్, బూల్ ఇంట్‌గా మారడం ప్రమోషన్. ఫ్లోట్ డబుల్‌గా మారడం ప్రమోషన్. ఇంట్ లాంగ్‌గా మారడం మాత్రం కన్వర్షన్, డబుల్‌గా మారడమూ కన్వర్షనే, రెండూ సమానం. కాబట్టి లాంగ్ రూపం, డబుల్ రూపం ఉన్న ఫంక్షన్‌కు ఇంట్ ఇస్తే జావా, సీ షార్ప్ లాంగ్‌ను ఎంచుకుంటాయి, సీ ప్లస్ ప్లస్ అస్పష్టం అని ఆగిపోతుంది. జావా కోడ్‌ను ఇటు తెచ్చేటప్పుడు ఈ ఎర్రర్లు గుంపుగా వస్తాయి.

ఇక్కడ ప్లాట్‌ఫామ్ తేడా కూడా తోడవుతుంది. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32. ఇంట్64_టీ అన్న పేరు వెనక లినక్స్‌లో లాంగ్ ఉంటే, విండోస్‌లో లాంగ్ లాంగ్ ఉంటుంది. ఇంట్, లాంగ్ లాంగ్ రూపాలు మాత్రమే రాసిన ఫంక్షన్‌కు ఇంట్64_టీ ఇస్తే విండోస్‌లో చక్కగా నడిచి, లినక్స్‌లో అస్పష్టం అంటుంది. ఓవర్‌లోడ్లు రాసేటప్పుడు ఇంట్, లాంగ్, లాంగ్ లాంగ్ మూడూ రాయండి, లేదా టెంప్లేట్ పెట్టండి.

తెర మీద ప్రింట్ చేసే సీఅవుట్ కూడా ఓవర్‌లోడే అని చాలామంది మర్చిపోతారు. యూఇంట్8_టీ దాదాపు అన్ని చోట్లా అన్‌సైన్డ్ చార్‌కు మారుపేరు. అందులో 65 పెట్టి ప్రింట్ చేస్తే పెద్ద అక్షరం 'ఎ' కనబడుతుంది. ముందు ఒక ప్లస్ గుర్తు పెడితే ఇంట్‌గా ప్రమోట్ అయి 65 వస్తుంది. స్ట్రింగ్‌కు 65 అసైన్ చేసినా ఇదే కథ: కంపైల్ అవుతుంది, స్ట్రింగ్‌లో ఒక అక్షరం కూర్చుంటుంది.

మిగతావాటితో పెద్ద పేచీ లేదు. కోట్లిన్, స్విఫ్ట్‌లలో వేరియబుల్ రకం తనంతట తాను మారదు. టూలాంగ్() లాంటిది మీరే రాయాలి, లిటరల్ మాత్రం అడిగిన రకానికి ఒదుగుతుంది. గో, రస్ట్‌లలో ఈ రకం ఓవర్‌లోడింగే లేదు.

నాలుగో మెట్టు: భాష దాటే చోట రకాన్ని బిగించండి

జావా, సీ షార్ప్, సీ ప్లస్ ప్లస్‌లు ఓవర్‌లోడ్‌ను కంపైల్ సమయంలోనే ఎంచుకుంటాయి. బ్రిడ్జి లైబ్రరీలు ఎక్కువగా నడిచే సమయంలో ఎంచుకుంటాయి, అదీ చేతికొచ్చిన విలువను చూసి. దీనివల్ల ఒక కొత్త జబ్బు పుడుతుంది: రకాన్ని విలువే నిర్ణయించడం.

పైథాన్ నుంచి జావాను పిలిచే బ్రిడ్జి పై4జె ఉదాహరణ తీసుకోండి. పైథాన్ ఇంటిజర్ 32 బిట్లలో పడితే జావా ఇంట్‌గా, పట్టకపోతే లాంగ్‌గా పంపుతుంది. అంటే 2147483647 ఒక రకం, 2147483648 ఇంకో రకం. లాంగ్ విలువలు ఉండాల్సిన లిస్ట్‌లో పైథాన్ నుంచి చిన్న సంఖ్యలు చేర్చితే లోపల కూర్చునేవి ఇంటిజర్ ఆబ్జెక్ట్‌లు. జెనరిక్స్ (లిస్ట్‌లో ఏ రకం ఉండాలో చెప్పే గుర్తులు) నడిచే సమయంలో ఉండవు కాబట్టి చేర్చేటప్పుడు ఎవరూ అడ్డు చెప్పరు. ఎప్పుడో జావా కోడ్ దాన్ని లాంగ్‌గా బయటికి తీసినప్పుడు క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్. జాక్సన్ అనే జావా లైబ్రరీతో జేసన్‌ను ఆబ్జెక్ట్ మ్యాప్‌గా చదివినా అచ్చం ఇదే: చిన్న సంఖ్య ఇంటిజర్, పెద్దది లాంగ్. జేవీఎం మీద నడిచే గ్రాల్ జావాస్క్రిప్ట్ నుంచి ఆబ్జెక్ట్ పారామీటర్‌కు 5.0 పంపితే ఇంటిజర్ 5గా చేరుతుంది, 5.5 పంపితే డబుల్‌గా. ఆ విలువనే మ్యాప్ కీగా వాడితే, జావా వైపు డబుల్ 5.0తో వెతికినవారికి ఏమీ దొరకదు.

మందు ఒక్కటే, దాన్ని ఒక్కో బ్రిడ్జిలో ఒక్కోలా రాస్తారు.

జేపైప్‌లో (ఇదీ పైథాన్, జావా మధ్య బ్రిడ్జే) విలువను జేఇంట్, జేలాంగ్, జేఫ్లోట్, జేడబుల్‌లలో ఒకదానిలో చుట్టి పంపండి. పైథాన్.నెట్‌లో సిస్టమ్ నుంచి ఇంట్32, ఇంట్64 ఇంపోర్ట్ చేసుకుని, మెథడ్ పేరు తర్వాత ఓవర్‌లోడ్స్[ఇంట్64] అని చదరపు బ్రాకెట్లలో రూపాన్ని ఎంచుకుని అప్పుడు కాల్ చేయండి. జేవీఎం మీద నడిచే రూబీ అయిన జేరూబీలో జావా_సెండ్‌కు మెథడ్ పేరు, రకాల అరే, ఆపైన ఆర్గ్యుమెంట్లు. క్లోజర్‌లో (ఇంట్ 1) అని రాయండి, అలాగే వార్న్-ఆన్-రిఫ్లెక్షన్‌ను ట్రూ చేసి ఉంచండి. రకం తేలక నడిచే సమయానికి వాయిదా పడిన ప్రతి కాల్‌కూ హెచ్చరిక వస్తుంది. జావాతో వచ్చే జావాస్క్రిప్ట్ ఇంజిన్‌గా ఉండిన నాస్‌హార్న్‌లో మెథడ్ పేరుతోపాటు రకాన్ని స్ట్రింగ్‌గా ఇవ్వొచ్చు, చదరపు బ్రాకెట్లలో "ప్రింట్‌ఎల్ఎన్(డబుల్)" లాగ. ఆ ఇంజిన్‌ను జావా 15లో తీసేశారు, పాత సిస్టమ్‌లలో ఇంకా తగులుతుంటుంది.

బైండింగ్ మీరే రాస్తుంటే అదుపు మీ చేతిలోనే ఉంది. సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను పైథాన్‌కు అందించే పైబైండ్11 ఓవర్‌లోడ్లను రిజిస్టర్ చేసిన వరుసలో రెండుసార్లు ప్రయత్నిస్తుంది: మొదటిసారి ఆటోమేటిక్ మార్పిడి లేకుండా, రెండోసారి మార్పిడితో. కాబట్టి ఇంటిజర్ రూపాలను ముందు, ఫ్లోట్ రూపాలను తర్వాత రిజిస్టర్ చేయండి. మార్పిడి అసలు వద్దనుకున్న ఆర్గ్యుమెంట్‌కు నోకన్వర్ట్ తగిలించండి. 32 బిట్ల రూపానికి పట్టని పైథాన్ ఇంటిజర్ వస్తే ఆ రూపాన్ని పక్కన పెట్టి తర్వాతిదానికి పోతుంది, తర్వాతిది లేకపోతే టైప్‌ఎర్రర్. బైండింగ్ కోడ్‌ను తానే తయారుచేసే స్విగ్ అయితే ఇంట్, లాంగ్ రూపాలు రెంటినీ పైథాన్ వైపు వేరుచేయలేక ఒకదాన్ని మరుగున పడేస్తుంది. అప్పుడిచ్చే 509 నంబరు హెచ్చరికను బిల్డ్ లాగ్‌లో అలా పోనివ్వకండి. మరుగున పడిన రూపానికి రీనేమ్‌తో వేరే పేరు పెట్టండి.

సీ, సీ ప్లస్ ప్లస్‌లను జావాతో కలిపే జేఎన్ఐ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ ఓవర్‌లోడ్ ఎంపిక పూర్తిగా మీదే, తప్పు చేస్తే అడ్డుకునేవారు లేరు. మెథడ్ ఐడీ అడిగేటప్పుడు రకాన్ని అక్షరంతో చెప్పాలి: ఇంట్‌కు ఐ, ఫ్లోట్‌కు ఎఫ్, డబుల్‌కు డి, బైట్‌కు బి. లాంగ్‌కు జె, ఎందుకంటే ఎల్ అక్షరం క్లాసు పేర్లకు పోయింది. బూలియన్‌కు జెడ్, బి బైట్‌కు పోయింది గనక. లాంగ్ అనుకుని ఎల్ రాస్తే మెథడ్ దొరకదు, అది వెంటనే తెలుస్తుంది. తెలియని తప్పు ఆ తర్వాత వస్తుంది. కాల్‌వాయిడ్‌మెథడ్ వేర్‌ఆర్గ్స్ ఫంక్షన్. సిగ్నేచర్‌లో లాంగ్ అని ఉన్నా మీరు సీ ఇంట్ ఇస్తే కంపైలర్ దాన్ని 64 బిట్లకు పెంచదు, పెంచాలని దానికి తెలియదు. 64 బిట్ల మెషీన్ మీద రిజిస్టర్ పై సగంలో తరచూ సున్నాలే ఉంటాయి కాబట్టి 5 పంపితే 5 చేరుతుంది, టెస్టులన్నీ పాసవుతాయి. ఒకరోజు -1 పంపుతారు. జావా వైపు 4294967295 ప్రత్యక్షమవుతుంది. డబుల్ అడిగిన చోట ఇంట్ ఇస్తే ఇంకా ఘోరం: పూర్ణసంఖ్యలు, భిన్నాలు వేర్వేరు రిజిస్టర్లలో పోతాయి, అవతలివాళ్లు చదివేది మీరు రాయని రిజిస్టర్‌ను. ప్రతి ఆర్గ్యుమెంట్‌నూ జేలాంగ్, జేడబుల్‌కు క్యాస్ట్ చేయండి, లేదా పేరు చివర ఎ ఉన్న కాల్‌వాయిడ్‌మెథడ్ఎ రూపంతో జేవాల్యూ అరే నింపి పంపండి. రెండోదే మేలు, రకం అక్కడ ఫీల్డ్ పేరులోనే రాయాల్సి వస్తుంది.

సీ లైబ్రరీలను పిలిచే పైథాన్ సీటైప్స్‌లోనూ వాసన ఇదే. ఆర్గ్‌టైప్స్ చెప్పకపోతే పైథాన్ ఇంటిజర్ సీ ఇంట్‌గా పోతుంది, ఫ్లోట్ ఇస్తే ఎర్రర్. రెస్‌టైప్ చెప్పకపోతే జవాబు సీ ఇంట్ అని అనుకుంటుంది. 64 బిట్ల విలువ తిరిగొస్తే సగం తెగిపోతుంది. ఏ ఫంక్షన్‌కైనా కాల్ చేసే ముందు ఈ రెండూ నింపడం అలవాటు చేసుకోండి. వెబ్‌అసెంబ్లీ మాత్రం కచ్చితం: 64 బిట్ల ఇంటిజర్ పారామీటర్‌కు జావాస్క్రిప్ట్ నుంచి బిగ్‌ఇంట్ ఇవ్వాలి, మామూలు నంబర్ ఇస్తే టైప్‌ఎర్రర్.

ఐదో మెట్టు: పరీక్ష క్లాసు రాయండి

నియమాలు చదవడం కంటే అడిగి తెలుసుకోవడం త్వరగా తెములుతుంది. అందుకునే భాషలో ఒక చిన్న క్లాసు రాయండి. అందులో ఒకే పేరుతో ఎనిమిది రూపాలు: ఇంట్, లాంగ్, ఫ్లోట్, డబుల్, ఇంటిజర్, లాంగ్ ఆబ్జెక్ట్, బిగ్‌డెసిమల్, ఆబ్జెక్ట్. ప్రతి రూపం తన రకం పేరు, తనకు అందిన విలువ కలిపి స్ట్రింగ్‌గా తిప్పి పంపాలి. అవతలి భాష నుంచి ఈ విలువలు పంపండి:

5, 5.0, -1, ట్రూ
127, 128
32767, 32768
2147483647, 2147483648
16777217
9007199254740993
0.1

జంటలుగా ఉన్నవి 8, 16, 32 బిట్ల హద్దులు. జంటలో రెండో సంఖ్య దగ్గర రకం పేరు మారిందంటే మీ బ్రిడ్జి విలువను చూసి ఎంచుకుంటోంది. 16777217 అన్నది ఫ్లోట్ పట్టుకోలేని మొదటి పూర్ణసంఖ్య, 16777216గా తిరిగొస్తే దారిలో ఎక్కడో ఫ్లోట్ ఉంది. 9007199254740993 డబుల్‌కు అలాంటిదే. చివరి అంకె 2 అయితే డబుల్ గుండా వచ్చింది. జావాస్క్రిప్ట్‌లోనైతే మీరు టైప్ చేసిన క్షణంలోనే 2 అయిపోతుంది, దాన్ని బిగ్‌ఇంట్‌గా రాయండి.

0.1 పెట్టింది డబ్బు లెక్కల కోసం. బిగ్‌డెసిమల్ కన్‌స్ట్రక్టర్‌కు డబుల్ 0.1 ఇస్తే 0.1000000000000000055511 అంటూ మొదలై ఇంకా చాలా అంకెలు వస్తాయి. స్ట్రింగ్‌గా ఇస్తే సరిగ్గా 0.1. వాల్యూఆఫ్‌కు డబుల్ ఇచ్చినా 0.1 వస్తుంది, కానీ ఫ్లోట్ 0.1 ఇస్తే డబుల్‌గా వెడల్పయి 0.10000000149011612. డబ్బును భాష దాటించేటప్పుడు స్ట్రింగ్‌గా పంపండి, లేదా అతిచిన్న నాణెం లెక్కన లాంగ్‌గా పంపండి. ఇందులో బేరం లేదు.

ఎనిమిది రూపాలతో ఒకసారి చూశాక, మీ అసలు ఏపీఐలో ఏయే రూపాలున్నాయో అవి మాత్రమే ఉంచి మళ్లీ నడపండి. ఒక రూపం తీసేస్తే మిగతావాటి మధ్య పోటీ మారిపోతుంది, మొదటి ఫలితాలను నమ్మి కూర్చోకూడదు.

ఏపీఐ మీదే అయితే

పేర్లు మార్చండి. జావాలోనే డేటాఅవుట్‌పుట్‌స్ట్రీమ్ చూడండి: రైట్‌ఇంట్, రైట్‌లాంగ్, రైట్‌డబుల్. ఏ భాష నుంచి వచ్చినా తికమకకు తావు లేదు. బ్రౌజర్ ఏపీఐలను వర్ణించే వెబ్ ఐడీఎల్ ఇంకా ఖండితంగా ఉంటుంది: కేవలం ఇంటిజర్ వెడల్పు తేడాతోనో, లాంగ్‌కూ డబుల్‌కూ ఉన్న తేడాతోనో రెండు ఓవర్‌లోడ్లు రాయడాన్ని అది ఒప్పుకోదు, ఎందుకంటే జావాస్క్రిప్ట్ వైపు అవి వేరుగా కనబడవు. డాట్‌నెట్ క్లాసును కామ్‌కు (విండోస్‌లో వేర్వేరు భాషల భాగాలను కలిపే పద్ధతికి) బయటపెడితే ఓవర్‌లోడ్ల పేర్లకు వరుసగా _2, _3 అని తగిలిస్తారు. మధ్యలో కొత్త రూపం చేర్చితే ఆ నంబర్లు జరగొచ్చు, వాటి మీద ఆధారపడిన స్క్రిప్టులు వేరే మెథడ్‌ను కాల్ చేస్తాయి.

ఇప్పటికే జనం వాడుతున్న ఏపీఐ అయితే పాత ఓవర్‌లోడ్‌ను తీసేయకుండా, కొత్త పేరుతో రూపం చేర్చి, పాతదాన్ని డిప్రికేటెడ్ అని గుర్తు పెట్టండి. ఉన్న పేరుకే కొత్త సంఖ్య రకం చేర్చడం మాత్రం చూడ్డానికి చిన్న మార్పు, పర్యవసానం పెద్దది. జావాలో లాంగ్ రూపం పక్కన ఇంట్ రూపం చేర్చారనుకోండి. పాత క్లాస్ ఫైళ్లు తిరిగి కంపైల్ చేసేదాకా లాంగ్ రూపాన్నే కాల్ చేస్తాయి, ఆ తర్వాత ఇంట్‌కు మారతాయి. జేపైప్ నుంచో పై4జె నుంచో వచ్చే కాల్స్ కొత్త జార్ పెట్టిన నిమిషం నుంచే మారొచ్చు. ఒకే అప్లికేషన్‌లో రెండు భాగాలు ఒకే పేరుతో వేర్వేరు మెథడ్లను నడుపుతుంటాయి. అనుమానం వస్తే జావాప్‌కు సి ఆప్షన్ ఇచ్చి బైట్‌కోడ్ చూడండి: ఇన్వోక్ వరుసలో మెథడ్ పేరు పక్కన బ్రాకెట్లలో జె ఉంటే లాంగ్, ఐ ఉంటే ఇంట్.